అతుకు

డబ్బా మీది బొమ్మలో సముద్రం ఎగసిపడుతోంది. అలల్ని చీల్చుకుంటూ బూడిదరంగు సబ్‌మెరైన్ దూసుకొస్తోంది. మూత తీస్తే మాత్రం లోపల సముద్రమూ లేదు, సబ్‌మెరైనూ లేదు. కొన్ని ప్లాస్టిక్ చట్రాలు, వాటిని పట్టుకుని వేలాడుతున్న చిన్నాపెద్దా ముక్కలు, ముక్క ముక్కకీ పక్కనే ఓ నంబరు, ఎలా అతకాలో బొమ్మలేసి చూపించిన ఓ పుస్తకం... అంతే.

‘‘ఏదిరా సబ్‌మెరైన్?’’ అంది నాన్నమ్మ, డబ్బాలోకి తొంగిచూసి.

‘‘మనమే చేసుకోవాలి నాన్నమ్మా. ఇది మోడల్ కిట్!’’

‘‘అయితే డబ్బులిచ్చి పని కొనుక్కొచ్చారన్నమాట’’ అనేసి ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

2024 మే నెల. విశాఖపట్నం మల్కాపురంలో ఓ పాత డాబా ఇల్లు. పదకొండేళ్ల మనవడు హైదరాబాద్ నుంచి సెలవులకి వచ్చాడు. వస్తూ వస్తూ ఈ డబ్బా తెచ్చుకున్నాడు. వాడు అడిగింది యుద్ధవిమానం. ‘‘నాన్నే వద్దని సబ్‌మెరైన్ తీసుకున్నాడు’’ అన్నాడు కాస్త నిష్ఠూరంగా. పక్కనే పేపరు చదువుకుంటున్న తాతయ్య ఆ మాటకి తలెత్తి చూశాడు. ఏమీ అనలేదు. మళ్లీ పేపర్లోకి తల దించాడు గానీ, ఆ తర్వాత చాలాసేపు పేజీ తిప్పలేదు.

ఆయన నేవల్ డాక్‌యార్డులో వెల్డరు. 1975లో చేరి 2013లో రిటైరయ్యాడు. ముప్ఫై ఎనిమిదేళ్లు. రిపేరుకొచ్చిన ఓడలకీ సబ్‌మెరైన్లకీ అతుకులేసిన చేతులవి. రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది కానీ చెయ్యి మాత్రం ఇంకా వణకదు. ఇంట్లో బకెట్ పిడి ఊడినా, వీధిలో ఎవరి గేటు విరిగినా ఆయన్నే పిలుస్తారు.

అలాంటాయన మూడురోజుల పాటు మనవడి డబ్బా జోలికి వెళ్లలేదు. అడిగితే ‘‘ఆ సన్నపని నాకేటి తెలుసురా’’ అని తప్పించుకున్నాడు. నాలుగోరోజు వాడు ముక్కల్ని చేత్తో మెలిపెట్టి తెంపుతుంటే మాత్రం ఉండలేకపోయాడు.

‘‘అలా తెంపితే అంచు తెల్లబారి చిరిగిపోద్దిరా. ఉండు.’’

లేచి వెళ్లి కటింగ్ ప్లయరూ, సన్న ఆకురాయీ తెచ్చుకున్నాడు. ముక్కని చట్రానికి దగ్గరగా కాకుండా కాస్త దూరంగా కత్తిరించాడు. మిగిలిన తొడిమని ఆకురాయితో అంచు దాకా అరగదీశాడు. వేలితో తడిమి చూసి వాడి చేతిలో పెట్టాడు. ఎక్కడ తెంపారో తెలియలేదు. ‘‘భలే తాతా!’’ అన్నాడు వాడు. అంతే, ఆయన చాప మీద కూర్చుండిపోయాడు.

మూరెడు సబ్‌మెరైన్

పుస్తకాన్ని ముందు చదివింది ఆయనే. అందులో మాటలు తక్కువ, బొమ్మలే ఎక్కువ. ముప్ఫై ఎనిమిదేళ్లు డ్రాయింగులు చూసి పనిచేసినవాడికి ఆ భాష కొత్తేం కాదు. ఏ ముక్క ముందు, ఏది తర్వాత, ఎక్కడ జిగురు రాయాలి, ఎక్కడ రాయకూడదు... అంతా వివరంగా ఉంది.

అది రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మన్ సబ్‌మెరైన్. టైప్ 7సి అంటారు. అసలుది 67 మీటర్ల పొడవు. దాన్ని 144వ వంతుకి కుదిస్తే సుమారు 46 సెంటీమీటర్లు. ‘‘అంటే మూరెడన్నమాట’’ అన్నాడు తాతయ్య, మోచేతి నుంచి వేళ్ల చివరిదాకా పెట్టి చూసుకుంటూ. ఆ లెక్కన మామూలు మనిషి ఎత్తు 12 మిల్లీమీటర్లు. చింతగింజంత! అలాంటి చింతగింజలు నలభై యాభై అసలు ఓడలో వారాల తరబడి బతికేవన్నమాట.

ఇవి ఆటబొమ్మలే కదా అని తేలిగ్గా తీసెయ్యడానికి వీల్లేదు. 1961లో అమెరికాలో రెవెల్ అనే కంపెనీ ‘జార్జ్ వాషింగ్టన్’ అణు జలాంతర్గామి మోడల్‌ని అమ్మకానికి పెట్టింది. ధర మూడు డాలర్లకి రెండు సెంట్లు తక్కువ. లోపలి గదులూ యంత్రాలూ అన్నీ కనిపించేలా ఉన్న ఆ బొమ్మని చూసి అమెరికా అణు నౌకాదళ పితామహుడు అడ్మిరల్ రికోవర్ మండిపడ్డాడు. శత్రువుకి మన రహస్యాలన్నీ బొమ్మల దుకాణంలో అమ్మేస్తున్నారే అన్నది ఆయన బాధ. బొమ్మ అంత పక్కాగా ఉందన్నమాట!

మనవడి డబ్బాలోది లోపల బోలే. కుడి సగం, ఎడమ సగం. రెండిటినీ కలిపితే పొట్ట తయారవుతుంది. పైన డెక్కు, నడుమ టవరు, దాని మీద తుపాకులు, చుట్టూ దారప్పోగుల్లాంటి రెయిలింగులు. పక్కల పొడుగునా వరసగా చిన్న చిన్న కంతలు.

‘‘పడవకి ఇన్ని చిల్లులేటి? మునిగిపోదూ?’’ అంది మధ్యలో వచ్చిన నాన్నమ్మ.

‘‘మునగడానికేగా చేసింది’’ అన్నాడు తాతయ్య. సబ్‌మెరైన్‌కి పైన కనిపించేది తొడుగు మాత్రమే. మునిగేటప్పుడు దాని కిందికి నీళ్లు రావాలి, తేలేటప్పుడు పోవాలి. ఆ కంతలు అందుకే. మనుషులుండేది దాని లోపలి ఉక్కు గొట్టంలో. దానికి మాత్రం అక్కర్లేని చోట గుండుసూది మోపినంత చిల్లు కూడా ఉండకూడదు.

ముక్కలన్నిటినీ సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టారు. అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి ఫ్యాక్టరీలో రాసే నూనెలాంటిది వాటికి అంటుకుని ఉంటే, జిగురూ పట్టదు, రంగూ నిలవదు. పెరట్లో వడియాల పక్కనే పళ్లెంలో తుపాకులు ఆరుతుంటే నాన్నమ్మ కాకుల్ని అదిలిస్తూ కూర్చుంది.

జిగురు కాదు... వెల్డింగే!

చిన్న సీసాలో నీళ్లలాంటి జిగురు ఉంది. మూత తీస్తే ఘాటు వాసన. కిటికీలు తెరిచి, పనికిరాని చట్రం ముక్కలు రెండు తీసుకుని దానికి అంటించి చూశాడు తాతయ్య. కాసేపయ్యాక లాగితే రాలేదు. గట్టిగా విరిస్తే అతుకు పక్కన విరిగింది గానీ, అతుకు దగ్గర విరగలేదు. ఆయన మొహం వెలిగిపోయింది.

‘‘ఒరే నాయనా, ఇది జిగురు కాదురా. వెల్డింగే!’’

నిజమే. మైదాపిండి జిగురో, బంకో అయితే రెండు వస్తువుల మధ్యన కూర్చుని ఆ రెండిటినీ పట్టుకుంటుంది. ఈ ద్రావకం అలా కాదు. రెండు అంచుల్నీ కాస్త కరిగిస్తుంది. కరిగిన ప్లాస్టిక్కులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ద్రావకం ఆవిరైపోయాక రెండు ముక్కలన్నవి ఉండవు, ఒకటే ఉంటుంది. ఇనుముని వేడితో కరిగిస్తారు, దీన్ని మందుతో కరిగిస్తున్నారు. తేడా అంతే.

అప్పట్నుంచి ఆయన గురువైపోయాడు. పొడవాటి అతుకుని ఒక్క దమ్మున వెయ్యకూడదు. ముందు అక్కడక్కడా చుక్కల్లా టాకులు వేసి పట్టించాలి. వంకర లేదని చూసుకున్నాక మధ్య ఖాళీల్ని కొంచెం కొంచెంగా నింపుకుంటూ రావాలి. లేకపోతే డాక్‌యార్డులో రేకు మెలిపడుతుంది, ఇక్కడ ప్లాస్టిక్ జరిగిపోతుంది. బ్రష్షు కొసతో అతుకు మీద ఒక్క బొట్టు పెడితే చాలు, సందులోకి అదే పాకుతుంది. ఎక్కువ పోస్తే పైకి పొంగి నాశనం చేస్తుంది.

‘‘ఇంత జాగ్రత్త ఎందుకు తాతా? బొమ్మే కదా!’’

అప్పుడు చెప్పాడాయన. సముద్రంలో పది మీటర్లు దిగితే చదరపు సెంటీమీటరుకి సుమారు కిలో బరువు అదనంగా పడుతుంది. రెండొందల మీటర్లు దిగితే ఇరవై కిలోలు. అంటే ఓ చిన్న బల్లంత జాగా... చదరపు మీటరు మీద 200 టన్నులు! నీరు ఎక్కడా మొహమాటపడదు. ఎక్కడ బలహీనంగా ఉందో వెతుక్కుంటూ వస్తుంది. 1963 ఏప్రిల్ 10న అమెరికాకి చెందిన ‘త్రెషర్’ అణు జలాంతర్గామి అట్లాంటిక్‌లో మునిగిపోయింది. 129 మంది పోయారు. సముద్రపు నీళ్లు పారే పైపు అతుకొకటి తెగి ఉంటుందని విచారణ కోర్టు అభిప్రాయపడింది.

‘‘ఒక్క అతుకా!’’ అన్నాడు మనవడు.

‘‘ఒక్కటి చాలురా.’’

అందుకే డాక్‌యార్డులో వెల్డింగు పూర్తయితే పని పూర్తయినట్టు కాదు. ఎక్స్‌రే తీస్తారు. ఫిల్ములో చిన్న నల్లచుక్క కనబడితే లోపల గాలిబుడగ ఉన్నట్టు. ఆ చుక్క కోసం రాత్రుళ్లు నిద్రపట్టేది కాదని చెప్పాడాయన. ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ చెప్పని మాట అది. వంటింటి గుమ్మంలో నిలబడి నాన్నమ్మ కూడా వింది.

‘కుర్సుర’ పొట్ట మీద చెయ్యేసి...

‘‘పొట్ట అతికే ముందు అసలుది చూసొద్దాం పద’’ అని ఆ సాయంత్రం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లాడు. అక్కడ ఇసుక మీద 91 మీటర్ల పొడవున ‘ఐఎన్‌ఎస్ కుర్సుర’ ఉంది. 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్లు సముద్రంలో తిరిగి 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి తీసుకుంది. 2002 ఆగస్టులో మ్యూజియంగా మారింది. ఆ రోజుల్లో విశాఖ జనమంతా వరస కట్టి చూసొచ్చారు. తాతయ్య కూడా వెళ్లాడు, నాన్నమ్మతో. ఇంజినీరింగు చదువుతున్న కొడుకు మాత్రం ‘‘నేను ఫ్రెండ్స్‌తో వెళ్తాలే’’ అన్నాడు.

మనవడు లోపల కళ్లు విప్పార్చుకుని నడిచాడు. గుండ్రటి ద్వారాల్లోంచి దూరేటప్పుడు రెండుసార్లు తల కొట్టుకున్నాడు. ఒకదాని మీద ఒకటి పడకలు, నడవడానికి మనిషి పట్టేంత సందు, గోడల నిండా చక్రాలూ మీటలూ గొట్టాలూ. ఇంత ఇరుకులో డెబ్భై మందికి పైగా ఉండేవారంటే వాడు నమ్మలేకపోయాడు. బయటికొచ్చాక ఓడ పక్కన నిలబడి అడిగాడు.

‘‘తాతా, నువ్వు ఇలాంటివాటికి వెల్డింగు చేశావు కదా. అతుకు ఎలా ఉంటుందో చూపించవా?’’

‘‘కనబడదురా. కనబడితే సరిగ్గా చెయ్యనట్టే.’’

వాడికి నిరాశగా అనిపించింది. సినిమా తీసినవాడికి తెర మీద పేరుంటుంది, ఇల్లు కట్టినవాడు శిలాఫలకం వేయించుకుంటాడు. తాతయ్య పని మాత్రం కనబడకుండా ఉంటేనే గొప్పట! ఇంటికొచ్చే దారిలో బస్సులో వాడు దాని గురించే ఆలోచించాడు. ఎంత త్వరగా పొట్ట అతికేద్దామా అని వాడి చేతులు దురదపెట్టాయి.

అదే చిక్కొచ్చింది.

ఎలా ఉంది?

తెల్లారి ఆయన లేచి చూసేసరికి చాప మీద సబ్‌మెరైన్ పొట్ట అతికి ఉంది. మనవడు రాత్రి అందరూ పడుకున్నాక లేచి ఒక్కడే పనిచేశాడు. తాతయ్యని ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు. టాకులూ లేవు, రబ్బరు బ్యాండ్లూ లేవు. సీసాలో సగం జిగురు ఖాళీ. అతుకు పొడుగునా మెత్తబడ్డ ప్లాస్టిక్ గట్టులా పొంగింది. ముక్కు దగ్గర ఒక సగం రెండోదానికంటే అర మిల్లీమీటరు పైకి ఉంది. అసలు ఓడలో అయితే అది ఏడు సెంటీమీటర్ల మెట్టు! అడుగున, చెయ్యి పెట్టి అదిమిన చోట, కరిగిన ప్లాస్టిక్‌లో వాడి బొటనవేలి ముద్ర దిగిపోయింది.

‘‘ఎలా ఉంది తాతా?’’

ఆయన చేతిలో అప్పటికే బ్లేడు ఉంది. ఎప్పుడు తీసుకున్నాడో ఆయనకే తెలీదు. ఎక్కడ తప్పుందో కన్ను పట్టేస్తే, చెయ్యి పనిముట్టు వెతుక్కుంటుంది. ముప్ఫై ఎనిమిదేళ్ల అలవాటు. అతుకు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. బ్లేడు మొన దూరిస్తే విడిపోతుంది. విప్పేసి, అంచులు శుభ్రం చేసి, పద్ధతిగా మళ్లీ అతకొచ్చు.

బ్లేడు మొన అతుకు దాకా వెళ్లి ఆగిపోయింది.

సరిగ్గా ఇదే మాట, ఇదే ఇంట్లో, ఇదే వయసు పిల్లాడు ముందొకసారి అడిగాడు. 1993లో. మర్నాడు స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్. కొడుకు వారం రోజులు కూర్చుని అట్టతో సబ్‌మెరైన్ చేశాడు. చెప్పుల డబ్బాల అట్టని నీళ్లతో తడిపి సీసా మీద చుట్టి గుండ్రంగా మలిచాడు. మైదాపిండి ఉడికించి అతికించాడు. సైకిల్ షాపులో అడిగి తెచ్చుకున్న నల్లరంగు పూశాడు. సెకండ్ షిఫ్టు నుంచి నాన్న వచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. వాడు పడుకోలేదు. గుమ్మంలోనే ఎదురొచ్చి రెండు చేతులతో పట్టుకుని చూపించాడు.

‘‘ఎలా ఉంది నాన్నా?’’

ఆయన దాన్ని తిప్పి అడుగున చూశాడు. అట్ట అంచులు కలవలేదు, పొడుగునా నోరు తెరుచుకుని ఉంది. ‘‘ఇలాంటి అతుకుతో నీళ్లలోకి దిగితే ఒక్కడు మిగలడు’’ అన్నాడు. చెప్పి ఊరుకుంటే సరిపోయేది. బాగుచేసి ఇద్దామనుకున్నాడు. బ్లేడుతో అతుకు విప్పాడు. లోపల మైదా ఇంకా తడిగానే ఉంది. అట్ట పొరలు పొరలుగా ఊడి చేతిలోకి వచ్చేసింది. అర్ధరాత్రి దాటేదాకా తంటాలుపడ్డా మళ్లీ అది సబ్‌మెరైన్ కాలేదు. పొద్దున్నే వాడు ఉత్త చేతులతో స్కూలుకి వెళ్లాడు. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత వాడు నాన్నకి ఏదీ చూపించలేదు. ప్రోగ్రెస్ కార్డు మీద అమ్మ సంతకం పెట్టేది. ఇంజినీరింగు సీటు వచ్చిందని అమ్మ చెబితే తెలిసింది. ఉద్యోగం సంగతి పక్కింటివాళ్లు అభినందిస్తే తెలిసింది. పోట్లాట లేదు, మాట పట్టింపు లేదు. పండక్కి వస్తాడు, కాళ్లకి దణ్ణం పెడతాడు, మందులు వేసుకుంటున్నావా అని అడుగుతాడు. పైకి చూస్తే ఎక్కడా ఏమీ కనబడదు. ఎక్స్‌రే తీస్తే గానీ తెలియని నల్లచుక్క అది.

నిజానికి డాక్‌యార్డులో ఆయన ఏ రోజూ అలా చెయ్యలేదు. ఎక్స్‌రేలో తప్పు తేలితే, ఎక్కడుందో గుర్తుపెట్టుకుని అంతమేరకే గ్రైండింగు చేసేవాడు. అంతమేరకే మళ్లీ నింపేవాడు. మళ్లీ ఎక్స్‌రే. చెయ్యి కాస్త మేర తప్పిందని పొట్టంతా కోసి విప్పిన వెల్డరు ఎక్కడా లేడు. ఉక్కు మీద చూపించిన ఆ ఓర్పు పదకొండేళ్ల పిల్లాడి అట్ట బొమ్మ మీద చూపించలేకపోయాడు.

‘‘తాతా... బాలేదా?’’

మనవడి గొంతులో జంకు. వాడి కళ్లు బ్లేడు మీదే ఉన్నాయి.

ఆయన బ్లేడు మూసి చాప కింద పెట్టేశాడు.

‘‘అతికిందిరా. గట్టిగానే అతికింది. తప్పులు రెండున్నాయి. ఇక్కడ మెట్టుంది, ఇక్కడ పొంగింది. విప్పక్కర్లేదు. ఎలా సరిచెయ్యాలో చూపిస్తాను, నువ్వే చేద్దువుగాని.’’

రంగు దాచదు, చూపిస్తుంది

తడి ఉండగా ముట్టుకోకూడదు. రెండురోజులు పక్కన పెట్టారు. కరిగిన ప్లాస్టిక్ రాయిలా గట్టిపడ్డాక అప్పుడు ఆకురాయితో పొంగుని దించారు. పల్లంగా ఉన్న వైపు లప్పం పెట్టి మెట్టుని చదును చేశారు. లప్పం ఆరాక నీళ్లలో ముంచిన వాటర్ పేపరుతో అరగదీత మొదలైంది. ముందు 400 నంబరు, తర్వాత 800, ఆ తర్వాత 1000. నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపవుతుంది, గీతలు సన్నబడతాయి. వాడి వేళ్లు తెల్లగా నానిపోయాయి.

‘‘అయిపోయింది తాతా!’’ అన్నాడు మూడుసార్లు. మూడుసార్లూ ఆయన కళ్లు మూసుకుని గోరుతో అతుకు మీద అడ్డంగా గీసి చూడమన్నాడు. కంటికి కనబడనిది గోటికి తగులుతుంది.

తర్వాత బూడిదరంగు ప్రైమరు. రంగు వేస్తే లోపాలు మరుగునపడిపోతాయనుకున్నాడు మనవడు. అయింది దానికి రివర్సు! లప్పం ఒక రంగు, ప్లాస్టిక్ ఒక రంగు ఉన్నంతసేపూ కనబడని గీతలూ గుంటలూ, అంతా ఒకే రంగయ్యాక బయటపడ్డాయి. ‘‘మన ఎక్స్‌రే ఇదేరా’’ అన్నాడు తాతయ్య. మళ్లీ లప్పం, మళ్లీ వాటర్ పేపరు, మళ్లీ ప్రైమరు.

ఇన్ని చేసినా ఒక్కచోట మాత్రం ఆయన అరగదీయనివ్వలేదు. అడుగున వేలిముద్ర ఉన్న చోట.

‘‘అది కూడా తప్పే కదా తాతా?’’

‘‘అది తప్పు కాదు. అది నువ్వు.’’

చిన్న చిన్న ముక్కలు అతికే రోజుల్లో నాన్నమ్మ కూడా వచ్చి కూర్చునేది. ఈ సబ్‌మెరైన్లలో పనిచేసినవాళ్ల సంగతి అడిగింది ఓసారి. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ జలాంతర్గాముల్లోకి వెళ్లిన సుమారు 40 వేలమందిలో 30 వేలమంది దాకా తిరిగి రాలేదు. వాళ్లు ముంచిన ఓడల్లో పోయినవాళ్లు వేరే. ఆ లెక్క విని ఆవిడ చేతిలో ఉన్న తుపాకీ ముక్కని పళ్లెంలో పెట్టేసింది. ‘‘ఎవరి బిడ్డలో’’ అంది. కాసేపు ముగ్గురూ మాట్లాడలేదు. బొమ్మ చేస్తున్నామని గుర్తుంటే సరిపోదు, దేని బొమ్మ చేస్తున్నామో కూడా గుర్తుండాలి. మనవడికి ఆ రోజు తుపాకులతో ఆడుకోవాలనిపించలేదు.

ముప్ఫై ఒక్క ఏళ్ల మాట

శనివారం పొద్దున్నే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో కొడుకు దిగాడు. మర్నాడు సాయంత్రం పిల్లాణ్ని తీసుకుని వెళ్లిపోవాలి. స్నానం, టిఫినూ అయ్యాక మనవడు సబ్‌మెరైన్‌ని రెండు చేతులతో పట్టుకుని వాళ్ల నాన్న ముందుకొచ్చాడు. పైన లేత బూడిద, కింద ముదురు బూడిద. మధ్యన మాస్కింగ్ టేపు అంటించి తీసిన గీత చాకుతో కోసినట్టుంది. టవరు మీద అంటించాల్సిన బొమ్మలూ, చుట్టూ పెట్టాల్సిన రెయిలింగులూ మిగిలాయంతే.

‘‘ఎలా ఉంది నాన్నా?’’

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. తాతయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

కొడుకు దాన్ని అందుకున్నాడు. ఏమీ అనకుండా ముక్కు నుంచి తోక దాకా గోటితో అతుకు మీద గీసుకుంటూ వచ్చాడు. ఎక్కడా తగల్లేదు. తర్వాత తిప్పి అడుగున చూశాడు. వేలిముద్ర దగ్గర ఆగిపోయాడు.

‘‘ఇదొక్కటీ వదిలేశారేం?’’

‘‘తాతయ్య వద్దన్నాడు’’ అన్నాడు పిల్లాడు.

కొడుకు తలెత్తి తండ్రిని చూశాడు. ఆయనింకా కిటికీ వైపే తిరిగి ఉన్నాడు. ఆ ఇంట్లో ఆ క్షణాన ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

‘‘ఆ రోజు నీది విప్పకుండా ఉండాల్సిందిరా’’ అన్నాడాయన.

ఏ రోజని కొడుకు అడగలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లయినా అడగాల్సిన అవసరం రాలేదంటే, ఆ అట్ట సబ్‌మెరైన్ ఆ ఇద్దరి మధ్యా అన్నాళ్లూ అలా పడి ఉందనేగా!

‘‘అతుకు బాలేదులే నాన్నా, నిజంగానే’’ అన్నాడు కాసేపటికి.

‘‘బాలేదు. అయినా విప్పకూడదు.’’

కొడుకు చాప మీద కూర్చున్నాడు. గిన్నెతో గోరువెచ్చని నీళ్లు తెమ్మని పిల్లాడికి చెప్పాడు. టవరు మీద అంటించాల్సిన బొమ్మ చిటికెన వేలి గోరంత ఉంది. కాగితాన్ని నీళ్లలో నాననిచ్చి, తడి బ్రష్షుతో మెల్లగా తోస్తే పొర జారి వస్తుంది. ఊపిరి బిగబట్టి చెయ్యాల్సిన పని. కొడుకు జారుస్తుంటే, తాతయ్య సబ్‌మెరైన్‌ని కదలకుండా పట్టుకున్నాడు. మనవడు గుడ్డతో నీటిబొట్లు అద్దుతూ కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనానికి నాన్నమ్మ మూడుసార్లు పిలవాల్సి వచ్చింది.

మర్నాడు సాయంత్రానికీ రెయిలింగులు పూర్తికాలేదు. అవి మరీ సన్నం, తొందరపడితే విరుగుతాయి. రైల్లో తీసుకెళ్తే మిగతావీ విరుగుతాయి. అందుకని సబ్‌మెరైన్‌ని టీవీ పక్కన చెక్క దిమ్మ మీద పెట్టారు. అడుగు వైపు ఎవరికీ కనబడదు, ఆ వేలిముద్ర ఉందని నలుగురికే తెలుసు.

ఆటో వచ్చింది. సామాన్లు ఎక్కించాక కొడుకు మళ్లీ లోపలికొచ్చాడు, ఫోన్ ఛార్జరు మర్చిపోయానంటూ. తీసుకుని, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అన్నాడు.

‘‘దసరాకి వస్తాం నాన్నా. రెయిలింగులు అప్పుడు పెడదాం. ఈలోగా విప్పకు!’’

‘‘విప్పన్లేరా’’ అన్నాడాయన.

ఇద్దరూ నవ్వారు. నాన్నమ్మ చెంగుతో కళ్లు తుడుచుకుంటూ ‘‘రైలు టైమైపోతోంది, పదండి పదండి’’ అని హడావుడి చేసింది.